పెళ్లికూతురు దొరకని ఆదర్శ వివాహం

మహబూబ్‌నగర్‌లో నేను పనిచేసిన హోమ్‌కి పోలీసులు వస్తే నాకు పెద్దగా చిరాకు ఉండేది కాదు. వాళ్ల పని చూసుకుని వెళ్లిపోయేవాళ్లు. పుట్టినరోజుల వాళ్లు వచ్చినప్పుడు మాత్రం ఒళ్లు మండేది. ఇంట్లో పిల్లవాడి పుట్టినరోజైతే కేకు పట్టుకుని మా దగ్గరికి వచ్చేవాళ్లు. హోమ్ అనగానే అనాథ పిల్లలనుకుని రంగు పెన్సిళ్లు, బొమ్మల పుస్తకాలు మోసుకొచ్చేవాళ్లు. తీరా లోపలికి వచ్చి చూస్తే ఇరవై, పాతికేళ్ల ఆడవాళ్లు. పని ఇప్పిస్తామని తీసుకెళ్లి ఎవరో అమ్మేస్తే, ముంబై నుంచో పుణె నుంచో విడిపించి తెచ్చినవాళ్లు. వచ్చినవాళ్ల ముఖాలు కాసేపు చిన్నబోయేవి. తర్వాత, ఎలాగూ తెచ్చాం కదా అని ఆ రంగు పెన్సిళ్లే వాళ్ల చేతుల్లో పెట్టి ఫోటోకు నిలబడేవాళ్లు. వీళ్ల ముఖాలు ఫోటోల్లో పడకూడదని నేనంటే, "అయితే అటు తిరిగి నిలబడమనండి మేడం" అనేవాళ్లు. మా వాళ్ల వీపులు ఈ జిల్లాలో ఎందరి ఫోన్లలో ఉన్నాయో చెప్పలేను.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఆ ఉద్యోగంలో చేరాను. మాది నల్లగొండ వైపు మగ్గాల ఇల్లు. పెళ్లయ్యాక పాలమూరు, అంటే ఈ మహబూబ్‌నగర్, వచ్చాను. హోమ్‌లో నా పేరు వార్డెన్. బియ్యం, పప్పు చూసుకోవడం, దవాఖానకు తీసుకెళ్లడం, కోర్టు వాయిదాలకు వెంట పోవడం, ఎవరైనా ఏడుస్తుంటే పక్కన కూర్చోవడం నా పని. హోమ్ నడిపేది ఊళ్లోని ఒక సేవా సంఘం. ఆ సంఘానికి ఒక అధ్యక్షురాలు ఉండేది. మంచి చీరలు కట్టేది, మెల్లగా మాట్లాడేది, ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం వినేది కాదు.

హోమ్ రైలు గేటు అవతల కిరాయికి తీసుకున్న రెండంతస్తుల ఇల్లు. ప్రహరీ మీద గాజు పెంకులు, గేటుకు బయటినుంచి తాళం. తాళం ఎందుకంటే రక్షణ కోసం అనేవాళ్లు. గదిలో పెట్టి తాళం వేసినవాళ్ల దగ్గరనుంచి విడిపించి తెచ్చి, మళ్లీ తాళమే వేసి, దానికి ఒక గౌరవమైన పేరు పెట్టారు.

అక్కడ నేను చూసిన వాళ్లలో ఒక పిల్ల సంగతి చెప్పాలి. పేరు చెప్పను. హోమ్‌లో ఒకరినొకరు ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్లు కాబట్టి, ఇక్కడ కూడా ఆమె దేవరకొండ పిల్ల. దేవరకొండ అవతల మెట్ట చేల మధ్య ఒక చిన్న ఊరు ఆమెది. అమ్మ, బాపు కూలికి పోయేవాళ్లు. ఒక అన్న. వరసకు అత్త అయ్యే ఒకామె, పుణెలో బట్టల దుకాణంలో ప్యాకింగ్ పని ఉందని, తిండి, ఉండడానికి జాగా వాళ్లే ఇస్తారని నమ్మించి రైలెక్కించింది. అక్కడ దుకాణం లేదు. ఒక ఇంటి పై అంతస్తులో ఒక గది ఉంది. ఆ గదిలో దాదాపు రెండేళ్లు గడిచాయి. అక్కడేం జరిగిందో ఆమె నాకు ఒక్కసారే చెప్పింది, గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండా. నేను మళ్లీ అడగలేదు. ఇక్కడ కూడా రాయను.

వచ్చేపోయేవాళ్లకు మాత్రం సరిగ్గా అదే కావాలి. ఒకరోజు ఒకావిడ వచ్చి, పళ్లు పంచిపెట్టి, దేవరకొండ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, గొంతు బాగా మెత్తగా చేసుకుని అడిగింది.

"ఎలా మోసపోయావమ్మా?"

"రైలెక్కి మోసపోయిన. మీరేమెక్కి వచ్చిన్రు?"

"కారులో."

"జర చూస్కొని పోండ్రి."

ఆవిడ తర్వాత నన్ను పక్కకు పిలిచి, ఈ పిల్లకు కౌన్సెలింగ్ బాగా అవసరమని చెప్పి వెళ్లింది.

ఇక పునరావాసం. ఆ మాట ఎంత పెద్దదో, దాని కింద జరిగే పని అంత చిన్నది. ఈ దేశంలో ఆడదానికి ఏ కష్టం వచ్చినా పెద్దవాళ్లందరికీ తోచే మందు ఒక్కటే, కుట్టు మిషన్. మొగుడు వదిలేస్తే కుట్టు మిషన్, మొగుడు చచ్చిపోతే కుట్టు మిషన్, ఎవడో ఎత్తుకుపోయి అమ్మేస్తే కూడా కుట్టు మిషనే. మా హాల్లో గోడ పొడుగునా మిషన్లు ఉండేవి. ప్రతిదాని మీదా ఇచ్చినవాళ్ల పేరు, సూది కంటే స్పష్టంగా కనిపించేలా రాయించి ఉండేది. చేతిపని మనిషిని నిలబెడుతుందని వేదికల మీద చెప్పేవాళ్లు. మా బాపు జీవితమంతా చేతిపనే చేశాడు. ఆ పని ఆయన్ని ఎంత బాగా నిలబెట్టిందో చూసి మా అన్నలిద్దరూ మగ్గం గుంటలోకి దిగనే లేదు, హైదరాబాద్‌లో ఒకడు డ్రైవర్, ఒకడు వాచ్‌మన్ అయ్యారు. నేను ఇవన్నీ మీటింగుల్లో అనలేదు. అని ప్రయోజనం లేదు.

దేవరకొండ పిల్లకు కుట్టుపని అంటే విసుగు. లంగా కుట్టమంటే రెండు అంచులూ కలిపి సంచి చేసి పెట్టింది. "కూసున్న కాడ కూసుంటే నాకు ఊపిరాడది అక్కా," అంది. హోమ్‌లో అందరూ నన్ను మేడం అనాలని నియమం. ఆమె అక్కా అనే పిలిచేది.

కొన్నాళ్లకు ఆమెను ఇంటికి పంపవచ్చా అని చూడడానికి నేను వెంటబెట్టుకుని వాళ్ల ఊరికి వెళ్లాను. బస్సు దిగి నడుస్తుంటే ఊరంతా చూస్తోంది, చూడనట్టు నటిస్తోంది. ఇంటి ముందు అన్న నిలబడి ఉన్నాడు. చెల్లెల్ని లోపలికి రమ్మనలేదు.

"హైదరాబాద్‌ల హాస్టల్ల పని చేస్తున్నదని చెప్పినం అందరికి," అన్నాడు నాతో. "గిప్పుడు ఇంట్ల పెట్టుకుంటే ఏమని చెప్పాలె?"

"ఉన్నదే చెప్పు," అన్నాను.

"మీకేంది మేడం, సాయంత్రం బస్సుకు పోతరు. మేం ఈడ బతకాలె."

తల్లి లోపలినుంచి అన్నం పెట్టుకుని వచ్చింది. అరుగు మీదే పెట్టింది. బాపు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు, నిద్రపోవడం లేదని అందరికీ తెలుసు. పిల్ల అన్నం మొత్తం తిని, చెయ్యి కడుక్కుని, "మంచిగుంది అమ్మా," అని లేచింది.

తిరిగి వస్తుంటే దారిలో ఆ అత్త ఇల్లు. కేసులో ఆమె పేరు ఉంది, పట్టుకున్నారు కూడా, బెయిలు మీద వచ్చేసింది. కొత్తగా రంగులు వేసిన ఇంటి ముందు కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. చుట్టూ నలుగురు ఆడవాళ్లు చేరి కబుర్లు చెప్పుకుంటున్నారు. పిల్లను సొంత ఇంట్లోకి అడుగు పెట్టనివ్వని ఊరు, అమ్మిన మనిషి దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు సాయం పడుతోంది.

"ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? పానం మంచిగున్నదా?" అని ఆమె పలకరించింది. ఏమీ జరగనట్టే.

నేను పిల్ల చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుని ఎదురుగా పోయి నిలబడింది.

"మంచిగున్న అత్తా. ఇంకెవరినన్న తోలుతున్నవా? చెప్తే నేను గూడ రైలు కాడికొచ్చి సాగనంపుత."

ఒక పెద్దమనిషి అవతలి అరుగు మీదనుంచి, "ఏయ్ పిల్లా, బజార్ల గా లొల్లేంది? ఇజ్జత్ లేదా?" అని గదిమాడు. ఇజ్జత్ ఎవరికి లేదని ఆయన అనుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అమ్మినప్పుడు లేవని గొంతు, అడిగినప్పుడు లేచింది.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నేను నీళ్ల సీసా ఇచ్చాను, అంతే. కల్వకుర్తి దాటాక, "ఇగ ఆ ఊరికి పోను అక్కా," అంది.

ఇంటికి పంపే దారి మూసుకుపోయిందని తెలిశాక అధ్యక్షురాలి బుర్రలో దీపం వెలిగింది. పెళ్లి చేద్దాం అంది. మామూలు పెళ్లి కాదు, ఆదర్శ వివాహం. తిరుమలగిరిలో కిరాణా దుకాణం ఉన్న ఒకాయన, భార్య పోయి రెండేళ్లయింది, పెద్ద మనసుతో ముందుకొచ్చాడు. పెద్దవాళ్లను పిలుద్దాం, పత్రికలవాళ్లను పిలుద్దాం అంది. ఆ పిల్లను ఒక్క మాట అడగాలి కదా అని నేనంటే, "అడక్కుండా చేస్తామా? పెళ్లిచూపులు పెడుతున్నాం కదా," అంది. అప్పటికే బ్యానరు అచ్చయి వచ్చింది. దాని మీద అధ్యక్షురాలి ఫోటో ఉంది, వరుడి పేరు ఉంది. వధువు పేరు రాసే చోటు ఖాళీగా ఉంది, తర్వాత అతికిస్తారట.

పెళ్లిచూపులు ఆఫీసు గదిలో జరిగాయి. ఆయన నలభై దాటిన మనిషి. జుట్టుకు కొత్తగా రంగు వేసుకుని వచ్చాడు, ఆ రంగు చెవి పక్కన కాస్త అంటుకుని ఉంది. సంఘం ఆడవాళ్లు ముగ్గురు కుర్చీల్లో కూర్చున్నారు. దేవరకొండ పిల్లకు చీర కట్టించి, పూలు పెట్టి, టీ కప్పుల పళ్లెం చేతికిచ్చి పంపారు. ఆమె పళ్లెం బల్ల మీద పెట్టి, ఒక కుర్చీ లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది. ఆ కుర్చీ లాగిన చప్పుడుకే ఒకావిడ నొసలు చిట్లించింది.

"ఏమన్నా అడగాలంటే అడుగు బాబూ," అంది అధ్యక్షురాలు ఆయనతో.

"నేనడుగుత," అంది పిల్ల. "మీ ఇంటామెకు ఏమైంది?"

"జరమొచ్చి పోయింది."

"ఏ దవాఖానకు తీస్కపోయిన్రు?"

ఆయన అధ్యక్షురాలి వైపు చూశాడు. "మందులు మన దుకాణంలనే ఉంటయి గదా. గవే ఏసినం. తగ్గుతదనుకున్నం."

"ఇంట్ల ఎవరెవరున్నరు?"

"అమ్మ ఉన్నది. మంచంల ఉన్నది. అన్నీ మంచంలనే."

"ఇప్పుడెవరు చూస్తున్నరు?"

"పనామె ఉండె. మానేసింది."

"ఎప్పుడు మానేసింది?"

"పోయిన నెల."

పిల్ల తలూపింది. "అంటే పనామె దొరకలేదు, అందుకని పెండ్లి."

"ఏమిటా మాటలు?" అంది ఒకావిడ. ఆయన మాత్రం చెయ్యెత్తి ఆవిడను ఆపాడు, చాలా ఉదారంగా. తను వచ్చింది ఉదారంగా ఉండడానికే కదా.

"చూడమ్మా, నీ సంగతి మొత్తం మేడం చెప్పింది. అంతా తెలిసి ఒప్పుకున్న. ఒక్కనాడు గూడ నిన్ను దెప్పిపొడువ."

"ఇప్పట్నుంచే చెప్తున్నవంటే నీకు గదే మతిల ఉన్నది." ఆమె మళ్లీ అడిగింది. "నన్ను బయటికి పోనిస్తవా? పనికి?"

"బయటికెందుకు? ఇంట్ల అన్ని ఉంటయి. తిండి, బట్ట, టీవీ. నీకేం ఫికర్ ఉండది."

పిల్ల లేచింది.

"గీ మాటే పుణెల ఒకామె చెప్పింది. నేను దిగినరోజే. అన్ని ఉంటయి, బయటికెందుకు అని."

అని లోపలికి వెళ్లిపోయింది. టీ ఎవరూ తాగలేదు.

ఆ తర్వాత నేను విన్న మాటలు ఏవీ మరిచిపోలేదు. ఇంత చేస్తే కృతజ్ఞత లేదు అంది ఒకావిడ. ఇలాంటి వాళ్లకు సంసారాలు పట్టవు అంది ఇంకొకావిడ. ఎలాంటి వాళ్లకు అని నేను అడిగాను. "మీరు మరీ అర్థం చేసుకోరు," అంది. అన్నింటికన్నా గొప్ప సంగతి అదే సాయంత్రం జరిగింది. ముహూర్తం ఉంది, పెద్దమనిషి మాట తీసుకున్నాం, బ్యానరు ఉంది, వధువు పేరు ఎలాగూ రాయలేదు, కాబట్టి ఇంకో పిల్లను అడగమని నన్ను పంపారు. ఆ ఇంకో పిల్ల గద్వాల వైపు మనిషి, నోట్లో నాలుక లేనిదని అందరూ అనుకునేవాళ్లు. ఆమె మొత్తం విని, నిదానంగా, "గా అక్క వద్దన్నోడు నాకెందుకు మేడం?" అంది. దాంతో ఆదర్శం ఆగిపోయింది. కిరాణా ఆయన టీ కప్పులు గోడకేసి కొట్టకుండా వెళ్లిపోయాడు, అదే ఆయన సంస్కారమని అధ్యక్షురాలు చాలా రోజులు మెచ్చుకుంది.

పని సంగతి అనుకోకుండా కుదిరింది. ఆమెకు నడుము నొప్పి ఉంటే దవాఖానకు తీసుకెళ్లి, ఆటోలో తిరిగి వస్తున్నాం. ఆటోకు డీజిల్ కొట్టించాలని డ్రైవరు జడ్చర్ల రోడ్డు మీద ఒక బంకులో ఆపాడు. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు యూనిఫాం చొక్కాలు వేసుకుని పెట్రోలు కొడుతున్నారు. పిల్ల ఆటో దిగి నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"పనున్నదా సార్?"

ఆయన లోపల ఏదో లెక్క చూసుకుంటూ, తల ఎత్తకుండా, "ఎక్కడుంటవ్?" అన్నాడు.

ఆమె హోమ్ పేరు చెప్పింది. ఆయన తల ఎత్తాడు.

"గా గోడల మీద గాజు పెంకులుంటయి, గదేనా?"

"గదే."

"ఆధార్ ఉన్నదా?"

"ఉన్నది."

"ఒకామె మానేసింది. పొద్దుగాల డ్యూటీ. లేట్ వస్తే ఊకోను."

అంతే. ఆయన దయగల మనిషేం కాదు. తర్వాత చాలాసార్లు చూశాను, అందరి మీదా అరుస్తాడు, ఆమె మీద కూడా అంతే గట్టిగా అరుస్తాడు. ఆయనకు పెట్రోలు కొట్టే మనిషి కావాలి, దొరికింది. అన్నేళ్లలో మా హోమ్‌కి వచ్చిన దయగలవాళ్లందరూ కలిసి చేయలేని పని, దయతో సంబంధం లేని ఆయన తల ఎత్తి దించేలోపు చేశాడు.

సంఘం ఒప్పుకోలేదు. రోడ్డు మీద నిలబడే పనా అన్నారు. మగవాళ్లు వస్తారు అన్నారు. మగవాళ్లు బళ్లు నడుపుతారు కాబట్టి బంకుకు వస్తారు, నిజమే. ఎవరైనా గుర్తుపడితే హోమ్ పరువు పోతుందన్నారు. తాళం తీయవద్దని నాకు కచ్చితంగా చెప్పారు. అదృష్టం ఏమంటే ఆ వారంలోనే కోర్టు వాయిదా ఉంది. సంఘం కార్యదర్శి కూడా వచ్చింది. మేజిస్ట్రేటు హోమ్‌లో ఎలా ఉన్నావని మామూలుగా అడిగాడు.

"నాకు పని దొరికింది సార్. పొద్దున పోయి పని చేసుకొని వస్త. తాళం తీయమని చెప్పండ్రి."

ఆయన కార్యదర్శి వైపు తిరిగాడు. "ఈ అమ్మాయి మేజరే కదా? తాళం ఎందుకు?"

"రక్షణ కోసం సార్."

"ఎవరినుంచి?"

కార్యదర్శి చేతిలో ఫైలు తిరగేసింది. ఆ ప్రశ్న అంతవరకు ఎవరూ వేయలేదు మరి. పనికి వెళ్లవచ్చని, ఉండాలనుకుంటే ఉండవచ్చని, వెళ్లాలనుకుంటే వెళ్లవచ్చని ఆయన రాశాడు. బయటికి వచ్చాక పిల్ల మెట్ల మీద కూర్చుని, "గింతేనా అక్కా?" అంది. ఇంతే అన్నాను. ఇద్దరం నవ్వాం. నాకు నవ్వుతో పాటు కోపం కూడా వచ్చింది, ఇంత చిన్న మాటకు ఆమె కోర్టు దాకా రావలసి వచ్చినందుకు.

కొన్ని నెలలకు కిరాయి గది వెతకడానికి ఇద్దరం తిరిగాం. పాలమూరులో ఇళ్లవాళ్ల కంటే పోలీసులు తక్కువ ప్రశ్నలు అడుగుతారు. మొగుడేడి, పెండ్లెందుకు కాలే, అమ్మానాయిన ఎక్కడ, ఏం కులం, రాత్రి ఎవరన్నా వస్తరా. ఒకాయన తన కోడలు కాలేజీలో పాఠాలు చెబుతుందని, ఇంటికి ఒక పద్ధతి ఉందని మాకు అరగంట చెప్పి, చివరికి లేదన్నాడు. ఆఖరికి ఊళ్లోనే పాత బస్తీ వైపు ఒక అవ్వ గది ఇచ్చింది. "నల్లా ఒక్క పూటనే వస్తది, లేచి పట్టుకుంటవా?" అని మాత్రం అడిగింది. పట్టుకుంటానంది. తర్వాత ఆ గద్వాల పిల్ల కూడా హోమ్‌నుంచి వచ్చి అదే గదిలో చేరింది, అదే బంకులో కుదిరింది.

బంకులో అన్నీ మంచి రోజులే అని చెప్పను. ఒకడు బండి ఆపి, నవ్వుతూ, "నిన్నెక్కడనో చూసినట్టున్నది," అన్నాడట. ఆమె, "పెట్రోల్ ఎంతకు కొట్టాలె?" అని అడిగిందట. వాడు మళ్లీ అదే అంటే, ఇంకాస్త గట్టిగా, వెనకాల వరసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా అదే అడిగిందట. వాడు పోయించుకుని వెళ్లాడు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది, వాడి సంగతి మాత్రం చివర్లో చెప్పింది.

కేసు ఇంకా నడుస్తోంది. అత్త ఒక వాయిదాకు జ్వరమంటుంది, ఒక వాయిదాకు వకీలు లేడంటుంది. పిల్ల ఒక్క వాయిదా కూడా తప్పలేదు. సాక్ష్యం చెప్పిన రోజు బోనులో నిలబడి అంతా చెప్పింది, ఎదుటి వకీలు వెకిలి ప్రశ్నలు వేస్తే, అర్థం కాలేదు మళ్లీ అడగమని అంది, వినడానికి బాగుండని ఆ ప్రశ్నను ఆయన రెండోసారి అడగలేకపోయాడు.

నేను హోమ్ మానేశాను. ఆ మధ్య అధ్యక్షురాలు నాకు ఫోన్ చేసింది. మహిళా దినోత్సవానికి దేవరకొండ పిల్లకు సన్మానం చేస్తారట. మా హోమ్ సాధించిన విజయమని నలుగురికీ చెప్పాలట. తీసుకురమ్మంది. నేను పిల్లకు చెప్పాను.

"ఆనాడు నాకు డ్యూటీ ఉన్నది. షాలువ గిట్ల ఇస్తే బంకుకు పంపుమను అక్కా, చలికి మంచిగుంటది."

షాలువ రాలేదు.

పిల్ల వాళ్ల బాపు పోయాడు. అన్న కబురు చేయలేదు, పది రోజులయ్యాక తల్లి ఎవరి ఫోన్‌నుంచో చెప్పింది. అప్పటినుంచి తల్లి అప్పుడప్పుడు కొడుక్కి చెప్పకుండా దేవరకొండలో బస్సెక్కి వస్తోంది. రెండు రోజులుండి పోతుంది. మొన్న నేను బంకుకు వెళ్లేసరికి ఆమె గాలి కొట్టే మిషన్ పక్కన నీడలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఎండ బాగా ఉంది, బళ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒకతను హారన్ కొడుతూ, "అక్కా, జల్ది, జల్ది," అని అరుస్తున్నాడు. కూతురు పైపు పట్టుకుని మీటరు చూస్తోంది.

తల్లి కుర్చీలోంచే చెయ్యి చూపించింది.

"నా బిడ్డకు ఎన్ని చేతులున్నయిరా? లైన్ల ఉండు," అంది.